‘పర్మనెంటు’ అన్న మాట: సర్కారు సీమలో 146 ఏళ్ళ వ్యవహారం

ఇంగ్లీషులోని ‘పర్మనెంటు’ అనే విశేషణం మన దేశపు భూమి మీదికి దిగిన రోజును తేదీతో సహా చూపవచ్చు. అది 1793 మార్చి 22. ఆనాడు గవర్నరు జనరలు కారన్‌వాలిస్ ప్రభువు కలకత్తా నుంచి ఒక ప్రకటన వెలువరించాడు. వంగదేశపు జమీందారులు కుంఫిణీకి చెల్లించవలసిన జమ ఇక ఎన్నటికీ మార్పు లేకుండా నిర్ణయమైనదని దాని సారాంశం. తొమ్మిదేళ్ళకు, 1802లో, మద్రాసు ప్రభుత్వం తన 25వ నిబంధన ద్వారా అదే పద్ధతిని ఉత్తర సర్కారులకు తెచ్చింది. 1948లో మద్రాసు శాసనసభ చేసిన చట్టంతో దానికి కాలం చెల్లింది. ఈ 146 ఏళ్ళలో దొరతనమూ, జమీందారూ, రైతూ ఆ ఒక్క మాటను తలకొక తీరున చదువుకున్నారు. భూమి ఎవరిదన్న ప్రశ్నకు జవాబు, చాలా మేరకు, ఆ మాటను ఎలా చదవాలన్న దాని మీద ఆధారపడింది. మాటలతో బ్రతికేవారికి ఈ వ్యవహారం ఆసక్తికరంగా ఉంటుందని నా నమ్మకం.

మొదట మాట సంగతి. దీనికి మూలం లాటిన్ భాష. ‘మనేరె’ అంటే నిలిచి ఉండడం, ‘పెర్’ అంటే ఆసాంతం. తుదివరకు నిలిచేది పర్మనెంటు. ఆ ‘మనేరె’ ధాతువు నుంచే ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి ‘మేనర్’ అనే మాట వచ్చింది. అది ఇంగ్లండులోని భూస్వామి దివాణానికీ దాని కింద ఉన్న భూములకూ పేరు. ‘మేన్షన్’ కూడా ఆ కుటుంబంలోనిదే. శబ్దశాస్త్రం దృష్టితో చూస్తే జమీందారు దివాణానికీ శాశ్వతత్వానికీ ఇంగ్లీషులో పుట్టుకతోనే బంధుత్వం ఉన్నదన్నమాట. అది కాకతాళీయమే గాని, కారన్‌వాలిస్ మనస్సులో ఉన్న జమీందారు మాత్రం ఆ ఇంగ్లండు భూస్వామి నమూనాలోనివాడే.

వాడుకలో ఈ మాటకు ఒక విశేషం ఉన్నది. దానికి సొంత బలం తక్కువ. ఎదుట ‘తాత్కాలికం’ అనే మాటను నిలబెట్టుకొంటే తప్ప అది నిలవదు. ఇంగ్లీషులో కాలాతీతమైన దానికి వేరే మాటలున్నాయి, ఎడతెగని దానికి వేరే మాటలున్నాయి. పర్మనెంటు అంటే వాటిలో ఏదీ కాదు; గడువు పెట్టనిది అని మాత్రమే. రైలు దారి వేసేటప్పుడు కంట్రాక్టరు మట్టీ రాయీ మోయడానికి వేసుకొనే పట్టాలు తాత్కాలికం. పని పూర్తి అయిన తరువాత బండ్లు నడిచే దారిని ‘పర్మనెంటు వే’ అంటారు. ఆ దారిలో పట్టాలు అరుగుతాయి, దుంగలు పుచ్చిపోతాయి, కంకర కొత్తది పోస్తూనే ఉంటారు. అయినా అది పర్మనెంటే. పర్మనెంటు ఉద్యోగికి పదవీ విరమణ తప్పదు. కనుక ఈ మాట వినపడినప్పుడల్లా రెండు ప్రశ్నలు వేయవలసి ఉంటుంది: దేనితో పోలిస్తే పర్మనెంటు? ఏది పర్మనెంటు?

తెలుగులో దీనికి మనం ‘శాశ్వతం’ అన్నాము. ఇక్కడే తూకం మారింది. శాశ్వతం అనే మాట దేవుడికి, ధర్మానికి, మోక్షానికి వాడుతూ వచ్చినది. అందులో గడువు పెట్టకపోవడం కాదు, కాలమే లేకపోవడం ధ్వనిస్తుంది. వంగభాషవారు ‘చిరస్థాయీ బందోబస్తు’ అన్నారు. చిరస్థాయి అన్నప్పుడు చాలాకాలం నిలిచేది అనే లోకోక్తి గంధం మిగిలే ఉన్నది. మనవారు మాత్రం ‘శాశ్వత శిస్తు నిర్ణయం’ అని ఒక రెవిన్యూ ఏర్పాటుకు వేదాంత పరిభాష తొడిగారు. అనువాదకులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ ప్రకటన చేసినవారే ‘ఎన్నటికీ’ అని రాసినప్పుడు అనువాదకుడు ఏం చేయగలడు?

భూమి విషయంలో స్థిరత్వాన్ని చెప్పడానికి మనకు ఇంగ్లీషువారు రాకముందే కావలసినన్ని మాటలున్నాయి. దానశాసనాలలో ‘ఆచంద్రార్కం’ ఉన్నది. సూర్యచంద్రులున్నంత కాలం అగ్రహారం చెల్లవలెనని రాజు రాయిస్తాడు. ఆ మాట వెంటనే శాపం కూడా చెక్కిస్తాడు: దత్తభూమిని హరించినవాడు 60 వేల ఏళ్ళు మలంలో పురుగై పుట్టునని. సూర్యచంద్రుల సాక్ష్యం ఒక్కటే చాలదని రాయించినవాడికి తెలుసు. తన తరువాతి రాజును శాపంతో తప్ప కట్టలేనని అతడికి తెలుసు. కారన్‌వాలిస్ ప్రకటనలో శాపం లేదు. మారుగా బకాయి పడితే వేలం అనే నిబంధన ఉన్నది. అయితే అది ఇచ్చినవాడిని కట్టేది కాదు, పుచ్చుకొన్నవాడిని కట్టేది.

ఇక వాడుకలో, రైతులూ కరణాలూ పలికే తెలుగులో, నిర్ణయించడానికి రెండే ఊహలు కనిపిస్తాయి. ఒకటి కోయడం, రెండవది కట్టడం. బేరం ‘తెగింది’ అంటాము. పంట ఎంత పండినా ఎండినా ఇంత అని ఒక్క మొత్తం ఖాయం చేసుకొంటే అది ‘ఖండగుత్త’. ‘గుత్త’ అంటే నిర్ణీతమైన పైకానికి తీసుకొన్న కౌలు. దాని నుంచే నేటి ‘గుత్తాధిపత్యం’ పుట్టింది. అగ్రహారాల మీదా ఇనాముల మీదా వేసిన స్వల్పమైన స్థిర పన్నుకు ‘కట్టుబడి’ అని పేరు. తురుష్క ప్రభుత్వాల కాలంలో వచ్చిన అన్యదేశ్యాలు కూడా ఈ రెండు ఊహల్లోనే ఒదిగాయి. అరబ్బీలో ‘కత్’ అంటే కోత. దాని నుంచి వచ్చిన ‘మక్తా’ కూడా కోసి చెప్పిన మొత్తమే. పారశీకంలో ‘బంద్’, ‘బస్త్’ రెండూ కట్టడానికి సంబంధించినవే. ‘బందోబస్తు’ అంటే కట్టి బిగించిన ఏర్పాటు. ‘కరార్’ మనకు ‘ఖరారు’ అయింది. నోటిమాటకు అరబ్బీలో ఉన్న ‘కౌల్’ మనకు ‘కౌలు’ అయింది. ఆయకట్టు లెక్కలోని ‘బేరీజు’ ఇప్పుడు విమర్శకుల చేతికి వచ్చి సాహిత్యాన్ని కూడా తూస్తున్నది. సి.పి. బ్రౌన్ 1852లో ప్రకటించిన జిల్లా నిఘంటువు, 1854లో ప్రకటించిన మిశ్రభాషా నిఘంటువు ఇటువంటి మాటల గనులు. కచేరీ తెలుగును ఈసడించక మూటగట్టిన పని అది.

ఈ మాటల్లో ఏదీ శాశ్వతత్వాన్ని చెప్పదు. కోసినదాన్ని మళ్ళీ కోయవచ్చు, కట్టినదాన్ని విప్పవచ్చు. ఏ పంటకు ఆ బేరం, ఏ దొరకు ఆ కౌలు. ‘జమాబందీ’ ఏటేటా జరిగేది. అందువల్ల ‘పర్మనెంటు సెటిల్‌మెంటు’ అన్న జంటపదం సర్కారు సీమకు వచ్చినప్పుడు ‘సెటిల్‌మెంటు’ అన్నది అందరికీ తెలిసిన వ్యవహారమే. వింతైనది ‘పర్మనెంటు’.

ఆ వింత ఎలా పుట్టింది? 1772లో వారన్ హేస్టింగ్సు అయిదేళ్ళ ఇజారాలు వేలం వేయించాడు. ఎక్కువకు పాడినవారు కట్టలేక పారిపోయారు. తరువాత ఏటేటా ఏర్పాటు నడిచింది. ఎవరికీ రేపటి మీద నమ్మకం లేదు. 1776లో ఫిలిప్ ఫ్రాన్సిస్ శాశ్వతంగా శిస్తు నిర్ణయించాలని ఒక ప్రణాళిక రాశాడు. ఈ ఆలోచనకు వెనుక ఉన్న ఐరోపా అర్థశాస్త్ర భావాలను చరిత్రకారుడు రణజిత్ గుహ 1963లో వెలువడిన తన గ్రంథంలో విపులంగా పరిశోధించాడు. కారన్‌వాలిస్ వచ్చి పదేళ్ళ ఏర్పాటును ప్రారంభించాడు. అప్పుడే అసలు వాదం వచ్చింది. జాన్ షోర్ అనే అధికారి, రెవిన్యూ వ్యవహారం అందరికంటె బాగా ఎరిగినవాడు, పదేళ్ళు చాలునన్నాడు. భూమి కొలత మనకు తెలియదు, రైతు ఇచ్చేదెంతో తెలియదు, జమీందారు పుచ్చుకొనేదెంతో తెలియదు, తెలియనిదాన్ని ఎన్నటికీ మారకుండా ఎలా కడతామని అతడి ప్రశ్న. కుంఫిణీ రాజ్యంలో మూడోవంతు మృగాలు తిరిగే అడవి అయిపోయిందనీ, పదేళ్ళ కౌలును చూసి ఎవడూ అడవి కొట్టడనీ కారన్‌వాలిస్ సమాధానం. 1792లో లండను నుంచి అనుమతి వచ్చింది. షోర్ ఓడిపోయాడు. ఆ వాదంలో నా సానుభూతి షోర్ వైపే ఉన్నా, కారన్‌వాలిస్ ప్రశ్నలోని బలాన్ని కాదనలేను.

వంగదేశంలో ఆనాడు ఖాయమైన మొత్తం సుమారు 2 కోట్ల 68 లక్షల సిక్కా రూపాయలు. జమీందారు వసూలు చేసే దానిలో 11 పాళ్ళకు 10 కుంఫిణీది, ఒకటి జమీందారుది అని లెక్క. గడువునాటి సూర్యాస్తమయంలోగా పైకం ముట్టకపోతే జమీ వేలం. పాత దివాణాలు అనేకం ఇలా చేతులు మారాయి. ఏర్పాటు పర్మనెంటు, దానిలో ఉన్న మనుషులు తాత్కాలికం.

ఉత్తర సర్కారులు మొగలు చక్రవర్తి షా ఆలం ఫర్మానాతో 1765లోనూ, నిజాముతో చేసుకొన్న ఒడంబడికతో 1766లోనూ కుంఫిణీకి సంక్రమించాయి. గుంటూరు మాత్రం 1788లో చేతికి వచ్చింది. ఇక్కడి జమీందారులు కోటలు, పరివారం ఉన్న చిన్న రాజులు. 1794 జూలైలో పద్మనాభం దగ్గర విజయరామరాజు కుంఫిణీ సేనతో పోరాడి మరణించాడు. ఎనిమిదేళ్ళకు ఆయన వంశానికే ఆ ‘శాశ్వత’ సనదు దక్కింది. యుద్ధంతో తేలనిది కాగితంతో తేల్చారు.

ఆ కాగితం పేరు చూడదగినది: ‘సనద్-ఇ-మిల్కియత్-ఇ-ఇస్తిమ్రార్’. మిల్కియత్ అంటే స్వామ్యం, సొంతదనం. ఇస్తిమ్రార్ అంటే సాగుతూ ఉండడం. సాగిపోవడమనే అర్థమున్న అరబ్బీ ధాతువు నుంచి వచ్చిన మాట. ఇంగ్లీషు నిబంధనలో ‘ఎన్నటికీ’ అన్నది రెండు చోట్లకు వర్తించింది. ఒకటి శిస్తు: అది ఇక మారదు. రెండవది స్వామ్యం: శిస్తు నిర్ణయమైన కారణంగా భూమి మీది హక్కు జమీందారుకూ అతడి వారసులకూ ఎప్పటికీ చెందుతుంది. మొదటిది దొరతనం తన మీద తాను వేసుకొన్న కట్టు. రెండవది దొరతనం తనది కానిదాన్ని మరొకరికి ఇవ్వడం. దున్నేవాడి హక్కు దొరతనానిదా? ఆ ప్రశ్నను నిబంధన రాసినవారు అడగలేదు.

సామాన్యంగా, వచ్చే శిస్తులో మూడింట రెండు వంతుల లెక్కన పేష్కషు నిర్ణయమైంది. జమీందారులు లేని హవేలీ భూములను ముఠాలుగా కోసి వేలం వేశారు. పాడుకొన్నవాడు ముఠాదారు, రాత్రికి రాత్రి శాశ్వత స్వామి. అనేక ముఠాలు కొద్ది ఏళ్ళకే బకాయి పడి మళ్ళీ వేలానికి వచ్చాయి. గుంటూరు సర్కారులోని ప్రధాన జమీందారీలు 1832–33 నాటి నందన కరువు దెబ్బ తిని, 1840ల నాటికి కుంఫిణీ స్వాధీనమయ్యాయి. గోదావరి మండలంలోనూ ఇటువంటిదే కథ. ఆ ‘ఎన్నటికీ’ అక్కడ అర్ధశతాబ్దం కూడా నిలవలేదు. నిలిచిన చోట్ల, విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం వంటి చోట్ల, దాని ప్రభావం వేరు. పేష్కషు రూపాయల్లో స్థిరంగా ఉండిపోయింది. రూపాయి విలువ తగ్గుతూ పోయింది. ఆనకట్టలు వచ్చి పంట పెరిగింది. రైతు ఇచ్చే శిస్తు పెరుగుతూ వచ్చింది. పెరిగినదంతా మధ్యలో ఆగింది.

ఇక రైతు సంగతి. 1802లోనే 30వ నిబంధన ఒకటి ఉన్నది. జమీందారు రైతుకు పట్టా ఇవ్వాలి, రైతు ముచ్చలిక రాసి ఇవ్వాలి. శిస్తు రేటు గురించి తగవు వస్తే, శాశ్వత జమ నిర్ణయమైన ఏటికి ముందటి ఏట ఆ భూమి మీద ఏ రేటు నడిచిందో దాని ప్రకారం తీర్చాలి. ఈ చిన్న వాక్యాన్ని పాఠకులు గుర్తుంచుకోవలసి ఉంటుంది. అది శతాబ్దం పైగా చట్టాల కట్టలో అణగి ఉండి, ఒకనాడు లేచి వచ్చింది. 1822లో ప్రభుత్వం ఇంకొక నిబంధనలో, 1802 నాటి శాసనాలు ఏ తరగతి రైతు హక్కులనూ నిర్వచించడానికి గాని హరించడానికి గాని ఉద్దేశించినవి కావని వివరణ ఇచ్చింది. అప్పటికి రైతువారీ పద్ధతికి పెద్ద వక్త అయిన టామస్ మన్రో మద్రాసు గవర్నరుగా ఉన్నాడు. వివరణ బాగున్నది. కచేరీలో దాన్ని చదివినవాడెవ్వడు?

పర్మనెంటు అన్నది రైతుకు కూడా వర్తించాలనే ఆలోచన మన దేశంలో ఎంత పాతదో తెలుసుకొంటే ఆశ్చర్యం కలుగుతుంది. 1831లో రాజా రామమోహన రాయలు లండనులో పార్లమెంటు కమిటీకి ఇచ్చిన సమాధానాలలో, జమీందారు ప్రభుత్వానికి ఇచ్చేది స్థిరమైనట్లే రైతు జమీందారుకు ఇచ్చేది కూడా స్థిరం కావాలన్నాడు. 1872లో బంకించంద్రుడు ‘బంగదర్శన్’ పత్రికలో వంగదేశపు రైతును గురించి రాసిన వ్యాసాలలో ఈ ఏర్పాటులోని అన్యాయాన్ని నిర్మొగమాటంగా ఎత్తిచూపాడు. అయినా దాన్ని రద్దు చేయమని అడగలేకపోయాడు. ఇచ్చిన మాట తప్పమని దొరతనానికి చెప్పడం ఆయనకు ఇష్టం లేదు. ఒక మాట ఎంత గట్టిగా పట్టుకొంటుందో దీనివల్ల తెలుస్తుంది. ఆనందమఠ కర్త వంటివాడు కూడా ఆ ‘చిరస్థాయీ’ అన్న విశేషణం ముందు ఆగిపోయాడు.

దొరతనం మాత్రం ఆ మాటను అవసరాన్నిబట్టి సడలిస్తూ వచ్చింది. రోడ్ల సెస్సు వేయబోయినప్పుడు వంగదేశపు జమీందారులు ఇది 1793 నాటి వాగ్దానభంగమన్నారు. భూమిశిస్తు వేరు, సెస్సు వేరు అని లండను నుంచి జవాబు వచ్చింది. 1871లో సెస్సు చట్టమైంది. 1862లో శాశ్వత నిర్ణయాన్ని దేశమంతటికీ విస్తరింపజేయాలని ఇండియా మంత్రి ఒప్పుకొన్నాడు. 1883లో ఆ ఆలోచననే విడిచిపెట్టారు.

మన ప్రాంతంలో ఈ మాట మీద పోరాటం మొదట న్యాయస్థానాలలో జరిగింది. జమీందారు అన్నివిధాలా భూమికి యజమాని అయితే రైతు అతడి కౌలుదారు మాత్రమే, తొలగించవచ్చు. 1897లో వెంకటనరసింహనాయుడు – దండమూడి కోటయ్య వ్యాజ్యంలో మద్రాసు హైకోర్టు ఈ వాదాన్ని నిరాకరించింది. జమీందారీ రైతు హక్కు జమీందారు ఇచ్చినది కాదనీ, దానికి మూలం వేరే ఉన్నదనీ తీర్పు. ఆ తీర్పు వేసిన బాటలోనే 1908 నాటి ఎస్టేట్ల భూముల చట్టం వచ్చింది. సాగుచేసే రైతుకు స్థిరమైన జిరాయితీ హక్కును ఒప్పుకొన్నది. శిస్తు సంగతి మాత్రం తెగలేదు.

1937 ఎన్నికలలో, అంతవరకు మద్రాసు ప్రభుత్వానికి నాయకుడుగా ఉన్న బొబ్బిలి రాజా సొంత సీమలోనే వి.వి. గిరి చేతిలో ఓడిపోయాడు. కొత్త మంత్రివర్గంలో రెవిన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం. జమీందారీ ప్రాంతాల పరిస్థితిని విచారించడానికి నియమించిన సంఘానికి ఆయనే అధ్యక్షుడు. 1938లో నివేదిక వెలువడింది. ప్రకాశం పంతులు బారిస్టరు. పాత కాగితాన్ని చదవడం తెలిసినవాడు. అందరూ 25వ నిబంధనను చదువుతూ ఉంటే ఆయన 30వ నిబంధనను కూడా దాని పక్కన పెట్టి చదివాడు. భూమికి స్వామి రైతే. జమీందారు శిస్తు వసూలుకు ఏర్పడినవాడు. 1802లో శాశ్వతంగా నిర్ణయమైనది పేష్కషు ఒక్కటే కాదు. ముందటి ఏటి రేటు చొప్పున రైతు ఇచ్చే శిస్తు కూడా ఆనాడే శాశ్వతంగా నిర్ణయమైంది. కనుక తరువాత పెంచినదంతా చట్టవిరుద్ధం, శిస్తులు 1802కు ముందున్న మట్టానికి దిగిరావాలి. ఇదీ నివేదిక సారం.

జమీందారుల పక్షం నిర్ఘాంతపోయింది. తమ కవచంగా 136 ఏళ్ళు వాడుకొన్న మాటే తమ మీదికి తిరిగింది. చరిత్ర పరిశోధన దృష్టితో చూస్తే ప్రకాశం పంతులు చేసిన అర్థంలో కొంత లాగుడు ఉన్నదని నేను అనుకొంటాను. 1802లో నిబంధనలు రాసినవారి ఉద్దేశం అంత స్పష్టమైనది కాదు. తగవు తీర్చడానికి పెట్టిన కొలత వేరు, ఎన్నటికీ మారని శిస్తు వేరు. కాని ఒక్కమాట. జమీందారుల అర్థంలో ఉన్న లాగుడు ఇంతకంటె తక్కువదా? ఏది పర్మనెంటు అని చెప్పకుండా విడిచిపెట్టిన చోట మొదట చదువుకొన్నవాడికి ఎంత హక్కు ఉన్నదో తరువాత చదివినవాడికీ అంతే ఉన్నది. 1939 జనవరిలో శాసనసభ ఆ నివేదికను ఆమోదించింది. అక్టోబరులో యుద్ధం కారణంగా మంత్రివర్గం రాజీనామా ఇచ్చింది. చట్టం రాలేదు. 1940లో మందస జమీందారీలో అడవి హక్కుల కోసం లేచిన రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. వీర గున్నమ్మ అక్కడ ప్రాణం విడిచింది.

తెలంగాణంలో 1802 నిబంధన లేదు. ఆ సీమ నిజాము ఏలుబడిలో ఉండేది. అక్కడ జాగీర్లు, సంస్థానాలు, ‘పన్‌మక్తా’లు ఉండేవి. నామమాత్రమైన స్థిర పన్నుతో తరతరాలు అనుభవించే భూమి పన్‌మక్తా. హైదరాబాదు నగరంలో కొన్ని పేటల పేర్లలో ‘మక్తా’ ఇంకా వినబడుతుంది.

ఇక్కడ రచయితలమైన మనకు సంబంధించిన ఒక లెక్క ఉన్నది. ఇది ఎవరూ ఇష్టంగా వేసే లెక్క కాదు. కన్యాశుల్కం 1897లో అచ్చయి ఆనందగజపతికి అంకితమైంది. విజయనగర ఆస్థానపు ఆదరణ లేకపోతే గురజాడ జీవితం మరొక దారి పట్టి ఉండేదేమో. 1936లో మొదటి సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు పిఠాపురం మహారాజు పేరు మీదనే ఉన్నది. ఆయన ద్రవ్యంతోనే సాగింది. మనం ఒక మాటకు అర్థం చూడదలచినప్పుడు తెరిచే ఆ పుస్తకానికి పైకం ఎక్కడిది? మారని పేష్కషుకూ మారుతూ వచ్చిన శిస్తుకూ మధ్య ఉన్న ఎడమే ఆ పైకం. ఆ మహారాజుల రసికతనూ ఔదార్యాన్నీ తక్కువ చేయనవసరం లేదు. అదే ఎడాన్ని పందేలకూ భోగాలకూ ఖర్చు చేసినవారు ఎందరో ఉన్నారు. అయినా అంకిత పద్యాలలో పేరు కనబడని దాత ఒకడున్నాడు. ముచ్చలిక మీద వేలిముద్ర వేసిన రైతు. పండితులు ‘శాశ్వతం’ అన్న మాటకు నిఘంటువులో అర్థం రాస్తూ ఉండిన కాలంలోనే ప్రకాశం సంఘం ముందు రైతులు ఆ మాటకే తమ అర్థం చెప్పుకొంటున్నారు. ఆ రెండు పనుల ఖర్చూ ఒకే పొలం నుంచి వచ్చింది.

1947లో శిస్తుల తగ్గింపు చట్టం, 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాయి. రద్దు చట్టం 1802 నిబంధనను ఒక్కసారిగా తుడిచివేయలేదు. ఏ ఎస్టేటుకు ప్రకటన వెలువడితే ఆ ఎస్టేటు వరకు, ఆ తేదీ నుంచి, ఆ నిబంధన రద్దయినట్లు భావించాలి. కనుక ‘ఎన్నటికీ’ అన్న మాట 1949 నుంచి జమీ తరువాత జమీగా, ఊరి తరువాత ఊరుగా ముగిసింది. తూర్పు వంగంలో 1950లో, పశ్చిమ వంగంలో 1953లో చట్టాలు వచ్చాయి. బిహారు చట్టం న్యాయస్థానంలో నిలవకపోవడంతో 1951లో రాజ్యాంగాన్నే మొదటిసారి సవరించవలసి వచ్చింది.

జమీందారీ పోయిన తరువాత ఆ జంటపదాలు విడిపోయి తెలుగులో ఎవరి కాపురం వారు పెట్టుకొన్నాయి. పర్మనెంటు కచేరీ నౌకరీకి అంటుకొన్నది, ‘పర్మనెంటు అయిందా?’ అంటే పెళ్ళిచూపులలో అందరికీ అర్థమవుతుంది. ‘సెటిల్‌మెంటు’ రెండు దారులు పట్టింది. కుర్రవాడు సెటిలయ్యాడంటే ఉద్యోగం, ఇల్లు, ఇల్లాలు. సెటిల్‌మెంట్లు చేస్తాడంటే మాత్రం ఆ మనిషికి కొంచెం దూరంగా నడుస్తాము. ‘బందోబస్తు’ శిస్తు సంగతి పూర్తిగా మరచి పోలీసు శాఖలో చేరింది.

రద్దయిన ఎస్టేటు గ్రామాలలో సర్వే చేసి, ఎవరి సాగులో ఏ భూమి ఉన్నదో తేల్చి, రైతులకు రైతువారీ పట్టాలు ఇవ్వడానికి సెటిల్‌మెంటు అధికారులు వచ్చారు. వారు రాసిన దస్తావేజుకు ‘సెటిల్‌మెంటు ఫెయిరు అడంగలు’ అని పేరు. పూర్వపు జమీందారీ గ్రామాలలో భూమి తగవు వస్తే నేటికీ కచేరీలో మొదట అడిగేది ఆ అడంగలు నకలునే.